పన్ను వచ్చే దారి

బాలికల గురుకులం, కోరుట్ల
22 జూన్ 2025

అమ్మా,

నేను బాగున్నాను. బడి తెరిచి పది రోజులైంది. పదో తరగతి వాళ్ళకు పొద్దున ఐదున్నరకే చదువు గంట కొడుతున్నారు. లెక్కల సారు మొదటిరోజే "ఈ యేడు మీకు ఆదివారాల్లేవు" అన్నారు. అయినా ఇవాళ అన్నం తిన్నాక రెండు గంటలు వదిలారు. గ్రౌండులో కూర్చొని రాస్తున్నాను.

పొద్దున ఫోన్‌లో సరిగ్గా మాట్లాడలేదని ఏమనుకోకు. నా వెనుక పదిహేడు మంది వరుసలో ఉన్నారు. ఫోన్ వార్డెన్ మేడం బల్ల మీద ఉంటుంది, స్పీకర్ పెడితే తప్ప వినపడదు. "తిన్నవా, మంచిగున్నవా" తప్ప ఇంకేం మాట్లాడతాం? అందుకే నిరుడు రాసినట్టే ఈ యేడు కూడా ఉత్తరాలు రాస్తాను. నువ్వూ రాయి. బాపు పోయినప్పటినుంచి ఫోన్‌లో ఏమడిగినా "మంచిగనే ఉన్నం" అంటావు. కాగితం మీదైతే కొంచెం నిజం చెబుతావు.

రుచిత ఎందుకు ఫోన్ దగ్గరికి రాలేదు? ఎండాకాలం సెలవుల్లో దాని ముందు పైపళ్ళు రెండూ ఊడితే, ఆ సందులోంచి ఈల వేయడం నేర్పించి వచ్చాను. ఈల వినిపించమంటే "అది ఆడుకునేతందుకు పోయింది" అన్నావు. దాని గొంతు నీ పక్కనే వినిపించింది. ఒక ఫోటో తీయించి పంపు. నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో కావాలి. మా చెల్లెలు పళ్ళు లేని ముసలమ్మ అని ఇక్కడ అందరికీ చెప్పాను.

అవ్వ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వానకాలం కదా, నొప్పులు ఎక్కువవుతాయి.

నీ
భాగ్య


గోడాదరా, సూరత్
1 జూలై

నా బిడ్డ భాగ్యకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. మీ అవ్వ రెండుసార్లు చదివించుకుంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. "గా పిల్ల మంచిగ సదువుకోవాలె, నా మోకాళ్ళ సంగతి దానికెందుకు" అంది.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. చీరలకు రాళ్ళు అంటించే పని ఇంటికే తెచ్చుకుంటున్నాను. రాఖీ పండుగ ముందు కదా, సేఠ్ తొందరపెడుతున్నాడు. తడి గాలికి జిగురు ఆరడం లేదు.

ఫోటో పంపుతున్నాను. అది నోరు తెరవనంటే తెరవలేదు. పళ్ళు లేవని సిగ్గు. నాలుగు రోజులుగా బడికి కూడా పంపడం లేదు, వాన వల్ల. నువ్వు ఫోన్ చేసినప్పుడు దాన్ని పిలవమని పట్టుబట్టకు. అది బాగానే ఉంది.

ఒక మాట. మీ సైన్సు పుస్తకంలో చిగుళ్ళ గురించి ఏమైనా ఉందా? ఊరికే అడుగుతున్నాను. పక్క గది ఆమె అడిగింది.

బాగా చదువుకో. మా గురించి ఆలోచించి చదువు పాడు చేసుకోకు.

మీ అమ్మ
పద్మారాణి


బాలికల గురుకులం, కోరుట్ల
7 జూలై

అమ్మా,

మన పక్క గదిలో ఉండేది నలుగురు ఒరిస్సా అన్నలు. అందరూ మరమగ్గాల సాంచాల మీద పనిచేసేవాళ్ళే. అక్కడ ఆడమనిషి ఎవరమ్మా?

ఫోటో చూశాను. సిగ్గుపడే పిల్ల పెదవులు అలా బిగించదు. పై పెదవి ఒక పక్క కొంచెం ఎత్తుగా ఉంది. నా దోస్తుకు కూడా చూపించాను, తనూ అదే అంది.

నిన్న ఫోన్‌లో నువ్వు అవ్వతో ఏదో అంటుండగా రుచిత ఫోన్ లాక్కొని "అక్కా, నా నోట్ల జాంబు మొలిసింది" అంది. వెంటనే నువ్వు ఫోన్ గుంజుకున్నావు. జాంబు అంటే మన నేరేడు పండే కదా. నోట్లో నేరేడు పండు మొలవడం ఏమిటి?

నువ్వు చిగుళ్ళ గురించి అడిగావు. మా పుస్తకంలో పళ్ళు ఎన్ని, వాటి పనులు ఏమిటి అని ఉంది. చిగుళ్ళకు వచ్చే జబ్బుల గురించి లేదు.

నేను చిన్నపిల్లను కాదు. బాపుకు పదకొండు నెలలు గొట్టంతో పాలు పోసినప్పుడు గిన్నె పట్టుకున్నది నేనే. నాతో దాచాల్సింది ఏముంది? ఏం జరిగిందో రాయి.

భాగ్య


గోడాదరా, సూరత్
14 జూలై

భాగ్యా,

నీతో అబద్ధం ఆడడం కూడా నాకు చేతకాలేదు. రాస్తున్నాను. చదివి చింపేయి. ఫోన్‌లో మాత్రం ఏమీ అడగకు, ఒకటే గది, అది పక్కనే ఉంటుంది.

నువ్వు బండెక్కిన మూడో రోజు దానికి పళ్ళు తోముతుంటే కనిపించింది. పై చిగురు మీద, ముందుపన్ను ఊడిన చోట, నీలం మచ్చ. ఎక్కడో తగిలించుకుందనుకున్నాను. వారానికి అది ఉబ్బింది. ఇప్పుడు చిన్న నేరేడు పండును సగానికి కోసి అతికించినట్టుంది. నల్లగా, నీలంగా, నిగనిగ మెరుస్తూ. వేలితో తాకితే మెత్తగా లోపలికి పోతుంది. బడిలో పిల్లలు "కాలా దాంత్", నల్ల పన్ను అని ఏడిపించారు. అప్పటినుంచి బడి మాన్పించాను. వాన కాదు.

నొప్పి లేదంటుంది. ఆ మాటే నన్ను చంపుతోంది. మీ బాపు కూడా మొదట నొప్పి లేదనే అన్నాడు.

రోజూ పొద్దున అది లేవకముందే మెల్లగా పెదవి ఎత్తి చూస్తాను. తగ్గి ఉంటుందని ఆశ. తగ్గడం లేదు. మీ బాపు పొగాకు మావా నలిపిన చేత్తోనే దానికి ముద్దలు పెట్టేవాడు. ఆ పొగాకు, ఆ సున్నం దాని నోట్లోకి కూడా పోయి ఉంటాయి కదా? నేను ఎన్నిసార్లు చేయి కడుక్కొమ్మన్నాను? కడుక్కునేవాడో లేదో ఒక్కసారైనా చూశానా?

మీ అవ్వకు చెప్పలేదు. మొన్న తనే చూసింది. చూసి గోడకు ఆనుకొని కూలబడిపోయింది. "నా కొడుకును తిన్నది సాలదా, గీ పసిదాని మీద పడ్డదా" అని నెత్తి కొట్టుకుంది. రుచిత ఏమీ అర్థం కాక అవ్వ కళ్ళు తుడిచింది.

మన గల్లీ చివర బోర్డు పెట్టుకున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. టార్చి వేసి చూశాడు. "గాంఠ్ హై. మూ కీ గాంఠ్ అచ్ఛీ నహీ హోతీ. బడే హాస్పిటల్ లే జావో" అన్నాడు. నోట్లో గడ్డ మంచిది కాదట.

పెద్దాసుపత్రికి నేను పోను భాగ్యా. ఆ వరండాలోనే, ఆ ఇనుప బల్ల మీదే నన్ను కూర్చోబెట్టి మీ బాపుకు ఏమిటో చెప్పారు. ఆ మాట విన్న రోజునుంచి మనింట్లో ఆయన మనిషిగా లేడు, రోగిగానే ఉన్నాడు. వాళ్ళు పేరు పెట్టేదాకా నా పిల్ల నా పిల్లే. ఇవాళ సాయంత్రం అది గల్లీలో నీళ్ళలో గెంతింది, మక్కజొన్న కావాలని మారాం చేసింది. రేపు కూడా అలాగే గెంతనీ. ఎల్లుండి కూడా. వాళ్ళు ఆ మాట చెప్పారంటే నేను దాన్ని చూసి నవ్వలేను.

ఇది తప్పని నాకు తెలుసు. నన్ను తిట్టకు.

అమ్మ


బాలికల గురుకులం, కోరుట్ల
21 జూలై

అమ్మా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నిన్న ఫోన్‌లో "హాస్పిటల్‌కు పో అమ్మా" అన్నాను. "సరె సరె" అని పెట్టేశావు. నువ్వు పోవని ఆ గొంతు వింటేనే తెలిసింది.

ఇవాళ మా స్టాఫ్ నర్సు సంతోషి మేడంకు చెప్పాను. చదివి చింపేయమన్నావు, తప్పే, అయినా చెప్పాను. మేడం చాలా ప్రశ్నలు వేశారు. ఎన్నేళ్ళు, ఏ పన్ను, ఎన్నాళ్ళయింది, రంగు ఏమిటి అని. తర్వాత "చూడకుండా నేను చెప్పలేను. కానీ ఆ వయసులో, పన్ను రావాల్సిన చోటే, నీలంగా, నొప్పి లేకుండా ఉందంటే అది పన్నుకు సంబంధించిందే అయ్యుండొచ్చు. పిల్లల పళ్ళ డాక్టరుకు చూపించాలి. చూపించేదాకా ఎవరూ దాన్ని పొడవొద్దు, పిండొద్దు, ఏమీ రుద్దొద్దు. అది ముందు చెప్పు మీ అమ్మకు" అన్నారు. తన ఫోన్ ఇచ్చి ఇప్పుడే మాట్లాడమన్నారు. నేను వద్దన్నాను. నీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది ఫోన్‌లో చెప్పలేను, మేడం ముందు అసలే చెప్పలేను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, వానకాలంలో, బాపు మక్క కంకులు కాల్పించి తెచ్చాడు. నువ్వు అప్పుడు లింబాయత్‌లో చీరల మడత పనికి పోయేదానివి. బాపు కంకి కొరకలేకపోయాడు. నోరు తెరుచుకోలేదు. నన్ను గింజలు ఒలిచి పెట్టమన్నాడు. తర్వాత అద్దం ముందు నిలబడి, నన్ను ఫోన్ లైటు పట్టుకొమ్మన్నాడు. బుగ్గ లోపల తెల్లగా, మధ్యలో ఎర్రగా పుండు. నేను భయపడ్డాను. "సున్నం కొట్టింది బిడ్డా, గంతే. మీ అమ్మకు చెప్పకు, ఊకె లొల్లి చేస్తది" అన్నాడు. చెప్పనన్నాను. పెద్దవాళ్ళకు ఇచ్చినట్టు నాకు చేయి కలిపాడు. అమ్మా, ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో తెలుసా? బాపు నన్ను నమ్మాడు, నీకు కూడా చెప్పని మాట నాకు చెప్పాడు అనుకున్నాను.

ఏడు నెలలు చెప్పలేదు. రోజూ ఆయన తినేటప్పుడు చూసేదాన్ని. పుండు పెద్దదవుతోందని నాకు తెలుసు. మీరు దవాఖానకు పోయేసరికి ఏడు నెలలు. డాక్టరు "ఇంత ఆలస్యంగా తెచ్చారేం" అన్నాడని నువ్వు అవ్వతో అంటుంటే నేను తలుపు వెనుక ఉన్నాను.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను, ఎందుకంటే నేను చేసిన పనే నువ్వు చేస్తున్నావు. రుచిత చిగురు చూస్తున్నావు, చెప్పడం లేదు. దయచేసి పో. పేరు పెట్టినా పెట్టకపోయినా అది పెరుగుతూనే ఉంటుంది. నాకు తెలుసు, నేను చూశాను.

భాగ్య


సూరత్, దవాఖాన వరండా
29 జూలై

భాగ్యా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. శనివారం వచ్చింది. బుధవారమే ఆ గల్లీ డాక్టరు సూదితో పొడిచాడు. నల్లటి రక్తం, నీళ్ళలాంటిది వచ్చింది, గడ్డ అణిగింది. పోయిందనుకున్నాను. అవ్వ, నేను ఇద్దరం దేవుడికి దండం పెట్టుకున్నాం. శుక్రవారం పొద్దునకు ఒళ్ళు కాలిపోతోంది. శనివారం నీ ఉత్తరం చదువుతుంటే అది నా ఒళ్ళోనే మూలుగుతోంది. ఆదివారానికి పెదవి, ముక్కు, ఎడమ చెంప అంతా ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. నీళ్ళు కూడా తాగడం లేదు.

ఏ దవాఖానకు పోనన్నానో అక్కడికే పరుగెత్తాను. నిన్న చేర్చుకున్నారు. నరానికి మందు పెట్టారు. ముందు వాపు తగ్గాలట, తర్వాత లోపలి ఫోటో తీసి ఏమిటో చెబుతారట. ఎవరిని అడిగినా "బాద్ మే, బాద్ మే", తర్వాత తర్వాత అంటున్నారు. బాపుకు కూడా ఇలాగే అన్నారు. అదే వరండా, అదే బల్ల. రంగు కూడా మార్చలేదు. దీని మీద కూర్చొనే నీకు రాస్తున్నాను.

నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే మీ బాపు ఇవాళ ఉండేవాడేమో. ఏడు నెలలు నోరు మూసుకొని ఎలా ఉన్నావే? నా ఎదురుగా కూర్చొని అన్నం తిన్నావు కదా రోజూ.

పిలుస్తున్నారు. పోతున్నా.


బాలికల గురుకులం, కోరుట్ల
4 ఆగస్టు

అమ్మా,

నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఇవాళ పొద్దున సంతోషి మేడం తన ఫోన్ నుంచి చేశారు, అప్పుడు నీ ఫోన్ ఆగిపోయి ఉంది. మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది.

మేడం ఫోన్ ఇచ్చినప్పుడు తీసుకొని ఉంటే ఆ సూది పడేది కాదు. సోమవారం నాడే నీకు తెలిసేది. నాకు నా సంగతి చెప్పుకోవడమే ముఖ్యమైంది. మళ్ళీ అదే చేశాను. ఈసారి రుచితకు చేశాను.

రుచిత ఎలా ఉంది? ఒక్క మాట చాలు. ఒక ముక్క కాగితం మీద రాసి పంపు. నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు.

నాకు అన్నం పోవడం లేదు. మేడం నన్ను తన గదిలో పడుకోబెట్టుకుంటున్నారు.

భాగ్య


గోడాదరా, సూరత్
12 ఆగస్టు

నా బిడ్డ భాగ్యకు,

మొన్న ఆదివారం ఫోన్‌లో "రుచితకు ఏం లేదు, మంచిగున్నది" అన్నాను. నువ్వు నమ్మలేదని నాకు తెలుసు. అది నా దగ్గర ఫోన్ లాక్కొని నీకు ఈల వినిపించబోయింది, కుట్టు నొప్పి పుట్టి ఆపేసింది. అందుకే మొత్తం రాస్తున్నాను. దవాఖానలో ఉన్నన్నాళ్ళు ఫోన్ ఇంట్లో అవ్వ దగ్గరే ఉండిపోయింది. అవ్వకు ఎత్తడం రాదు, ఛార్జింగ్ పెట్టడం అసలే రాదు.

ముందు ఒక మాట. గల్లీ డాక్టరు సూది పెట్టాడని రాశాను. అది అబద్ధం. సూది నేనే పెట్టాను. ఆ బుధవారం పొద్దున స్టవ్ మీద కాల్చి, అవ్వను తల పట్టుకోమని, నా చేత్తో పొడిచాను. అవ్వ "వద్దు పద్మా, వద్దు" అంటూనే ఉంది. దాన్ని అలా నా కళ్ళ ముందు పెరగనివ్వలేకపోయాను. చెడు రక్తమంతా పోతే పోతుందనుకున్నాను. పిచ్చిదాన్నైపోయాను.

వాపు కొంచెం తగ్గాక పిల్లల పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్న వయసు, గుజరాతీ పిల్ల. "దీన్ని ఎవరు పొడిచారు?" అని హిందీలో అడిగింది. నీకు రాసిందే ఆమెకూ చెప్పాను. రుచిత కుర్చీలో పడుకొని, ఉబ్బిన పెదవితోనే, "అమ్మానే కియా. మై రోయీ నహీ" అంది. అమ్మే చేసింది, నేను ఏడవలేదు అని గొప్పగా చెప్పింది. నేను తల ఎత్తలేకపోయాను. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక స్టూలు లాగి నా వెనుక పెట్టింది.

ఎక్స్‌రే తీశారు. కంప్యూటర్‌లో పెద్దగా చూపించింది. నల్లటి దాంట్లో తెల్లగా, మక్క గింజలా, చిగురు కిందనే ఒక పన్ను నిలబడి ఉంది. వేలు పెట్టి చూపించి, "ఆ దాంత్ ఛే, బెన్. గాంఠ్ నథీ" అంది. ఇది పన్ను, గడ్డ కాదు అని.

నేను నమ్మలేదు. "మా ఆయనకు కూడా మొదట ఏమీ కాదన్నరు" అన్నాను. మీ బాపు సంగతంతా చెప్పాను, ఎలా చెప్పానో నాకే తెలియదు, సగం తెలుగు, సగం హిందీ. బయట ఇంకా చాలామంది పిల్లలు ఉన్నారు. అయినా ఆమె తలుపు దగ్గరికి వేసి, నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. పన్ను ఎముకలోంచి పైకి వచ్చేటప్పుడు దాని మీద పల్చటి సంచిలాంటి పొర ఉంటుందట. ఆ పొరకూ పన్నుకూ మధ్య నీరు చేరితే చిగురు బుడగలా ఉబ్బుతుంది. ఏదైనా కొరికినప్పుడు తగిలి రక్తం కలిస్తే నీలంగా, నల్లగా కనిపిస్తుంది. పిల్లలకు పాలపళ్ళు వచ్చేటప్పుడు, అవి ఊడి పక్కా పళ్ళు వచ్చేటప్పుడు ఇలా కావడం ఉంటుందట.

"కాన్సర్ కాదని మీకు ఎట్ల తెలుసు?" అని మళ్ళీ అడిగాను. విసుక్కోలేదు. "పిల్ల వయసు చూడండి. ఈ పన్ను రావాల్సిన వయసే. బుడగ సరిగ్గా ఈ పన్ను మీదే ఉంది. చుట్టూ ఎముక చూడండి, ఎక్కడా తినేసినట్టు లేదు. మీ ఆయనకు పొగాకు వల్ల వచ్చింది, అది ఏళ్ళ తరబడి చేసే పని. ఆయన చేతి ముద్దలు తింటే రాదు. ఇది పన్ను వచ్చే దారిలో ఒక బుడగ, అంతే" అంది. మామూలుగా అయితే ఏమీ చేయక్కర్లేదట. కొన్ని వారాలు చూస్తే పన్ను తనే చీల్చుకొని వచ్చేస్తుందట. నొప్పి పెట్టినా, చీము పట్టినా, పన్ను ఆగిపోయినా చిన్నగా కోసి దారి చేస్తారు. "పదిహేను రోజుల ముందు వస్తే చూసి ఇంటికి పంపేదాన్ని. ఈ చీము సూది వల్ల వచ్చింది" అని మాత్రం అంది. అది కూడా మెల్లగానే అంది.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వస్తే ఆపుకోలేకపోయాను. రుచిత కుర్చీ దిగి వచ్చి "అమ్మా, ఇంజెక్షన్ నీకా?" అంది.

చీము ఇంకిపోయాక శనివారం కోశారు. ముందు దూదితో ఏదో పూశారు, తర్వాత సన్నని సూదితో మొద్దుబారేలా చేశారు. నేను దాని కాళ్ళు పట్టుకున్నాను. చిగురు మీద చిన్న కిటికీలా కోసి, పక్కన తెగిన చోట ఒక కుట్టు వేశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. రక్తం తుడిచాక డాక్టరమ్మ నన్ను పిలిచి చూపించింది. తెల్లటి అంచు. అంచు సాఫుగా లేదు, రంపంలా ఉంది. కొత్త పళ్ళు అలాగే ఉంటాయట.

సోమవారం ఇంటికి వచ్చాం. జ్వరం లేదు. మెత్తటి అన్నం తింటోంది. నిన్న మళ్ళీ చూపించాను, బాగా మానుతోందన్నారు. నువ్వు అన్నం సరిగ్గా తిను.

అమ్మ


బాలికల గురుకులం, కోరుట్ల
18 ఆగస్టు

అమ్మా,

నీ ఉత్తరం సంతోషి మేడంకు చదివి వినిపించాను. మేడం కళ్ళు తుడుచుకొని, "మీ అమ్మ ధైర్యం గల మనిషి, డాక్టరును అన్నిసార్లు అడిగింది" అన్నారు. సూది సంగతి ఉన్న చోటు మాత్రం చదవలేదు. అది నాకు రాసింది, ఆమెకు కాదు.

చాలా సంతోషంగా ఉంది. రాత్రి అన్నం తిన్నాను.

కానీ నీ ఉత్తరం మొత్తం వెతికాను. నేను బాపు గురించి చెప్పినదానికి నువ్వు ఏమీ రాయలేదు. ముందు ఉత్తరంలో రాశావు. "బాపు ఇవాళ ఉండేవాడేమో" అని. అది నువ్వు కోపంలో రాశావా, నిజంగా అనుకున్నావా? కోపంలో రాస్తే రాశానని చెప్పు. నిజంగా అనుకుంటే కూడా చెప్పు. ఏదీ చెప్పకుండా వదిలేస్తే నేను ఎలా ఉండాలి? ఫిజిక్సు పుస్తకం తెరిస్తే ఆ వాక్యమే కనిపిస్తోంది.

భాగ్య


గోడాదరా, సూరత్
25 ఆగస్టు

భాగ్యా, నా తల్లీ,

ఆ వాక్యం రాసింది నేనే. కోపంలో రాశాను. రాసేటప్పుడు నిజమనే అనుకున్నాను. పోస్టు డబ్బాలో వేసి నాలుగడుగులు వేయకముందే వెనక్కి తీసుకోవాలనిపించింది. డబ్బాలో చేయి పెట్టి కూడా చూశాను. అందలేదు. పన్నెండో తారీఖున నీకు అంత పొడుగు ఉత్తరం రాసినప్పుడు దాని గురించి రాయడానికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. రాయాలంటే నా సంగతి కూడా రాయాలి. అందుకు భయపడి పళ్ళ గురించి రాసి ముగించాను.

ఇప్పుడు రాస్తాను.

నువ్వు కంకులు ఒలిచి పెట్టిన ఆ వానకాలంలోనే, ఒకరోజు మీ బాపు "కూరల కారం జర తక్కువేయి" అన్నాడు. మీ బాపు ఎలా తినేవాడో నీకు తెలుసు. పచ్చి మిరపకాయ నంజుకోకుండా ముద్ద దిగేది కాదు. అలాంటి మనిషి కారం తగ్గించమన్నాడు. వారం తర్వాత అసలే వేయొద్దన్నాడు. వేయలేదు. మీకు ఒక గిన్నె, ఆయనకు ఒక గిన్నె. ఆరు నెలలు అలా వండాను భాగ్యా. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. తువ్వాలు ఉతుకుతుంటే గులాబీ రంగు మరక కనిపించేది. సబ్బు ఎక్కువ పెట్టి ఉతికాను. లింబాయత్‌లో నాతో చీరలు మడిచే ఒకామె భర్త అలాగే పోయాడు. అది ఎలా మొదలవుతుందో ఆమె నాకు ముందే చెప్పింది. నాకు తెలుసు. అడిగితే ఆయన నిజం చెబుతాడేమోనని అడగలేదు.

నీకు పన్నెండేళ్ళు. నువ్వు బాపు మాట నమ్మావు. నాకు ముప్పై నాలుగేళ్ళు, నేను ఏ మాటా నమ్మలేదు, అయినా ఊరుకున్నాను. ఏడు నెలలు నోరు మూసుకున్నది ఎవరని అడిగితే, ఆ ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ఆయన, నువ్వు, నేను. చిన్నదానివి నువ్వు. అందరికంటే తక్కువ తప్పు నీది. అసలు తప్పే కాదు. నీ చేయి పట్టుకొని మాట తీసుకోవడం మీ బాపు చేయకూడని పని. ఆయన మీద నాకు ప్రేమ తగ్గలేదు, కానీ ఆ పని చేయకూడదు.

ఫోన్ తీసుకోలేదని కూడా బాధపడకు. నువ్వు ఆ రోజు ఫోన్ చేసి ఉంటే నేను "సరె సరె" అని పెట్టేసేదాన్ని. నన్ను దవాఖాన మెట్లు ఎక్కించింది నీ ఉత్తరమే. శనివారం ఒకసారి, ఆదివారం రెండుసార్లు చదివాను. "నాకు తెలుసు, నేను చూశాను" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయేదాన్ని. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చీము కంటిదాకా పోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండు రోజులు ఆగకుండా చేసింది నువ్వే.

రుచిత మళ్ళీ బడికి పోతోంది. పన్ను బియ్యపు గింజంత బయటికి వచ్చింది. పక్క పన్ను మీద కూడా చిగురు కొంచెం ఎత్తుగా ఉంది. నిన్న చూశాను. అవ్వను పిలవలేదు, సూది వెతకలేదు. ఇవాళ పని పక్కన పెట్టి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నవ్వి, "దీన్ని ఏమీ చేయొద్దు. రోజూ మెత్తటి బ్రష్‌తో తోమండి, నెల తర్వాత చూపించండి" అంది. బయటికి వచ్చాక ఆ ఇనుప బల్ల మీదే కాసేపు కూర్చున్నాను. రుచిత నా పక్కన కూర్చొని శనగపిండి ఖమణ్ తింది.

దసరా సెలవులకు బండి టికెట్ తీసి పంపుతాను. తప్పకుండా రా. మీ బాపు పోయిన పొద్దున మీ ఇద్దరినీ మేడ మీది వాళ్ళింటికి పంపేశాను. మీరు చూడకూడదనుకున్నాను, మీ ముందు నేను ఏడవకూడదనుకున్నాను. నువ్వు పోతూ పోతూ మెట్ల మీద నిలబడి నా వైపు చూశావు. ఏదో చెప్పబోయావు, నేను చేత్తో పొమ్మన్నాను. ఈసారి నిన్ను ఎక్కడికీ పొమ్మనను. ఆయన గురించి ఎన్ని రోజులు మాట్లాడాలంటే అన్ని రోజులు మాట్లాడుకుందాం.

మీ అమ్మ